నేను కట్టాను కదరా... షీటేమో కట్టలేదంటోంది!

రాత్రి పదకొండైంది. పొద్దున పదింటికల్లా లిస్టు మేనేజర్ టేబుల్ మీద ఉండాలి. మీ దగ్గర రెండు షీట్లున్నాయి. ఒకదాంట్లో పేర్లు, ఇంకోదాంట్లో డబ్బులు. రెండింటినీ కలపడానికి యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న వీలుకప్ కొట్టారు. కిందిదాకా లాగారు. సగం సెల్స్‌లో అంకెలొచ్చాయి. మిగతా సగంలో ‘ఎన్‌ఏ’ అని ఎర్రర్. పేరు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. కళ్లముందే కనిపిస్తోంది. షీట్ మాత్రం ‘నాకైతే కనపడలేదు’ అంటోంది.

కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో చేరినవాళ్లలో ఈ రాత్రిని చూడనివాళ్లు తక్కువ. అప్పుడు మనం చేసే పని కూడా ఒకటే. ఫార్ములాని తిట్టుకుంటూ మళ్లీ మళ్లీ రాయడం. కామా తప్పిందా, బ్రాకెట్ తప్పిందా అని వెతకడం. చాలాసార్లు ఫార్ములాకి ఏ పాపం తెలీదు. తేడా అంతా డేటాలో ఉంటుంది.

అయినా ఎర్రర్ వచ్చిందంటే మీరు అదృష్టవంతులే. ఎక్కడో తేడా ఉందని షీట్ అరిచి చెబుతోంది. అరవకుండా తప్పు లెక్క చూపించే షీట్‌తోనే అసలు గొడవ. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందో ముందు చెప్తాను.

ఒక్క మాట. ఇక్కడ ఫార్ములాల పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు షీట్‌లో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

సీ సెక్షన్, 05ఈ7

బీటెక్‌లో నేను సీ సెక్షన్‌కి సీఆర్‌ని. జేఎన్‌టీయూ కాలేజీల్లో చదివినవాళ్లకి హాల్‌టికెట్ నంబర్ సంగతి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్తాను. మొత్తం పది క్యారెక్టర్లు. మొదట చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడ్, తర్వాత బ్రాంచ్, చివర మన నంబర్. సీఎస్‌ఈ బ్రాంచ్ కోడ్ 05. చివర రెండే స్థానాలు ఉంటాయి కాబట్టి 99 దాటాక ఏ0, ఏ1 అని మొదలవుతుంది. ఏ9 అయ్యాక బీ0. అలా పోతుంది. మా సెక్షన్ 121వ వాడితో మొదలు, అంటే సీ1. క్లాసులో ఎవరూ పది క్యారెక్టర్లూ చెప్పరు. ‘05సీ4’, ‘05డీ2’ అని చివరి నాలుగే చెప్తారు. కొందరినైతే పేరు పెట్టి కాకుండా నంబర్‌తోనే పిలిచేవాళ్లం.

థర్డ్ ఇయర్‌లో ఇండస్ట్రియల్ టూర్ పెట్టారు. తలా 1500. డబ్బులు నా చేతికివ్వాలి, ఇచ్చినవాళ్లు వాట్సాప్ గ్రూపులో చివరి నాలుగు క్యారెక్టర్లు పెట్టాలి. అదీ రూలు. ఆఖరి రోజు రాత్రి ఆ నంబర్లన్నీ కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేశాను. పక్కన 1500 అని కొట్టాను. ఆఫీసువాళ్లిచ్చిన క్లాస్ లిస్టులో మొత్తం హాల్‌టికెట్ నంబర్లున్నాయి. ‘రైట్’ ఫార్ములాతో వాటి చివరి నాలుగు క్యారెక్టర్లు తీసి, వీలుకప్ పెట్టాను. కట్టనివాళ్ల దగ్గర ఎన్‌ఏ వస్తుంది కదా, చూడ్డానికి బాలేదని ముందు ఇఫ్‌ఎర్రర్ తగిలించి, ఎర్రరొస్తే ‘కట్టలేదు’ అని రాసేలా చేశాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి చాలా స్మార్ట్‌గా ఫీలయ్యాను.

పొద్దున మొదటి పీరియడ్‌కి ముందే కట్టనివాళ్ల నంబర్లు గట్టిగా చదివాను. 05ఈ7 దగ్గరికొచ్చేసరికి వాడు లేచి నిలబడ్డాడు.

‘నేను కట్టాను కదరా. సోమవారం లంచ్‌లో ఇచ్చాను. నీ చేతికే.’

‘షీట్‌లో లేదురా’ అన్నాను.

క్లాసంతా వాడి వైపు చూసింది. వాడు ఇంకేం మాట్లాడలేదు. కూర్చున్నాడు. వాడిచ్చినవి అన్నీ వందలూ యాభైలూ అని నాకు లీలగా గుర్తుంది. కానీ షీట్ ముందు నా గుర్తుకి విలువేముంది? వాళ్ల నాన్న కూలి డబ్బుల్లోంచి పంపినవని ఆ తర్వాత తెలిసింది. బస్సు లిస్టు మధ్యాహ్నానికల్లా హెచ్‌ఓడీ సార్ టేబుల్ మీదికి వెళ్లిపోయింది, వాడి పేరు లేకుండానే.

సాయంత్రం ఒకమ్మాయి వచ్చి ‘నాదీ కట్టలేదని చదివావు, నేను ఫోన్‌పే చేశాను’ అని స్క్రీన్‌షాట్ చూపించింది. ఆమె నంబర్ 05ఈ2. అప్పుడు చూశాను. ఈ0 నుంచి ఈ9 దాకా పదిమందికీ ‘కట్టలేదు’ అనే ఉంది. వాళ్లలో నిజంగా కట్టనివాళ్లు నలుగురే.

హాస్టల్లో ఒక సీనియర్ దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాను. ‘అన్నా, ఫార్ములా చూడవా’ అంటే ఆయన ఫార్ములా వైపు చూడనేలేదు. నేను పేస్ట్ చేసిన కాలమ్ చూశాడు. 05ఈ7 ఉండాల్సిన చోట 5.00ఈ+07 అని ఉంది. ఆ కాలమ్‌ని పేస్ట్ చేశాక నేను మళ్లీ తిరిగి చూడలేదు. రిజల్ట్ కాలమ్ ఒక్కటే చూశాను.

జరిగింది ఇదీ. అంకెల మధ్య ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’ ఒక్కటే కనిపిస్తే ఎక్సెల్ దాన్ని సైంటిఫిక్ నొటేషన్ అనుకుంటుంది. 05ఈ7 అంటే ఐదు పక్కన ఏడు సున్నాలు, అంటే ఐదు కోట్లు! సీ, డీలతో ఆ ఇబ్బంది లేదు కాబట్టి మిగతావాళ్లంతా క్షేమం. క్లాస్ లిస్టులోంచి తీసిన ‘05ఈ7’ అక్షరాలు. పేస్ట్ చేసిన లిస్టులో ఉన్నది ఐదు కోట్లనే సంఖ్య. రెండూ కలవవు. ఎన్‌ఏ వచ్చే ఉంటుంది. ఆ ఎన్‌ఏ చూసుంటే ‘ఇదేంటి, పదిమందికీ వరసగా?’ అని నాకు అనుమానం వచ్చేదేమో. దాని మీద నేనే ‘కట్టలేదు’ అని స్టిక్కర్ అంటించాను.

అందుకే ఇఫ్‌ఎర్రర్‌ని నేను ఇప్పటికీ చివరి నిమిషం దాకా వాడను. ఎర్రర్లన్నీ చూసి, ఒక్కోటీ ఎందుకొచ్చిందో తేల్చుకున్నాకే. ‘దొరకలేదు’కీ ‘కట్టలేదు’కీ చాలా తేడా ఉంది.

శాస్త్రవేత్తలకీ తప్పలేదు

నాలాంటి థర్డ్ ఇయర్ సీఆర్‌ని వదిలేయండి. జన్యువుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే గోతిలో పడ్డారు. ‘2310009ఈ13’ లాంటి గుర్తింపు నంబర్లని ఎక్సెల్ పెద్ద సంఖ్యలుగా మార్చేస్తోందని 2004లోనే ఒక పరిశోధన పత్రం హెచ్చరించింది. ‘సెప్ట్2’, ‘మార్చ్1’ అనే జన్యువులైతే సెప్టెంబర్ 2, మార్చి 1 అని తారీఖులైపోయేవి. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క తీస్తే, జన్యువుల జాబితాలని ఎక్సెల్ ఫైళ్లలో జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఈ తప్పులున్నాయి.

చివరికి ఏమైందో తెలుసా? ఎక్సెల్ మారలేదు, జన్యువుల పేర్లే మారాయి. మనుషుల జన్యువులకి పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో కొత్త నియమాలు ప్రకటించింది. మార్చ్1ని ‘మార్చ్‌ఎఫ్1’ అనీ, సెప్ట్1ని ‘సెప్టిన్1’ అనీ పిలవాలని తేల్చింది. ఇలా తనంతట తాను మార్చేయడాన్ని ఆపుకునే ఆప్షన్‌ని మైక్రోసాఫ్ట్ 2023లో తెచ్చింది. కొత్త వెర్షన్ వాడుతుంటే ఫైల్, ఆప్షన్స్, డేటాలోకి వెళ్లి ‘ఆటోమేటిక్ డేటా కన్వర్షన్’ దగ్గర టిక్కులు తీసేయొచ్చు. ‘ఈ’ అక్షరానికి విడిగా ఒక టిక్ ఉంది. అది చూసినప్పుడల్లా నాకు మా క్లాస్‌రూమే గుర్తొస్తుంది.

మన దగ్గర జన్యువులు లేకపోవచ్చు, ఇంటి నంబర్లు ఉన్నాయి కదా. ‘5-12’ అని డోర్ నంబర్ కొట్టి చూడండి. డిసెంబర్ 5 అయి కూర్చుంటుంది. ‘3-6-12’ అంటే 2012 జూన్ 3. ‘12/3’ అనే సర్వే నంబర్ మార్చి 12. అయ్యో అనుకుని ఆ సెల్‌ని టెక్స్ట్‌గా మారిస్తే పాతది తిరిగి రాదు, ఐదంకెల సంఖ్య ఒకటొస్తుంది. ఎందుకంటే ఎక్సెల్‌కి తారీఖంటే రోజుల లెక్క. 1900 జనవరి 1 ఒకటో రోజు. అక్కణ్నుంచి లెక్కిస్తే 2024 జనవరి 1 అంటే 45292. మీ డోర్ నంబర్ ఆ లెక్కలో కలిసిపోయింది. ఇక ఒరిజినల్ చూసి మళ్లీ కొట్టుకోవడమే.

కాబట్టి నంబర్‌లా కనిపించినా లెక్కలు కట్టక్కర్లేనివన్నీ... హాల్‌టికెట్, డోర్ నంబర్, ఫోన్, ఆధార్, బ్యాంక్ అకౌంట్... వీటి కాలమ్‌ని పేస్ట్ చేయకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టేయాలి. చేశాక పెట్టి లాభం లేదు. గూగుల్ షీట్స్‌లో అయితే ‘ప్లెయిన్ టెక్స్ట్’ అని ఉంటుంది, ఫోన్ యాప్‌లో కూడా. ఒకటీ అరా సెల్స్ అయితే ముందు ఒక అపాస్ట్రఫీ కొట్టి తర్వాత నంబర్ కొడితే చాలు.

బ్యాంక్ అకౌంట్ల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలదాకానే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల అకౌంట్ నంబర్ కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ఏ ఎర్రరూ రాదు. ముందు సున్నాలుంటే అవి మాయం. జీతం పడలేదని ఫోనొచ్చేదాకా ఎవరికీ తెలీదు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఐదో స్థానంలో ఉండేది సున్నా. చాలామంది అక్కడ ఇంగ్లిష్ అక్షరం ‘ఓ’ కొడతారు. కంటికి రెండూ ఒకటే, షీట్‌కి కావు.

కనపడని ఖాళీలు

ఇప్పుడు మొదట చెప్పిన రాత్రి పదకొండు గంటల ఎన్‌ఏ దగ్గరికొద్దాం. పేరు రెండు చోట్లా ఉన్నా కలవట్లేదంటే మొదటి అనుమానితుడు స్పేస్. పేరు తర్వాత ఎవరో అలవాటుగా స్పేస్‌బార్ నొక్కుంటారు. తెల్ల కాగితం మీద తెల్ల సున్నం.

పట్టుకోవడం తేలిక. పక్క కాలమ్‌లో ‘లెన్’ పెట్టండి. సెల్‌లో ఎన్ని క్యారెక్టర్లున్నాయో చెబుతుంది. ఒక షీట్‌లో 7, ఇంకో షీట్‌లో 8 వస్తే దొంగ దొరికాడు. ‘ట్రిమ్’ పెడితే ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు పోతాయి, మధ్యలో రెండుంటే ఒకటవుతుంది. చాలామందికి ఇక్కడిదాకా తెలుసు.

తెలియనిది ఏంటంటే, ట్రిమ్ చేసినా లెన్ 8 దగ్గరే ఆగిపోతుంది ఒక్కోసారి. వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసిన డేటాలో ఇలా ఎక్కువ. అది మామూలు స్పేస్ కాదు. వెబ్‌పేజీల్లో రెండు పదాలు విడిపోకుండా పెట్టే ప్రత్యేకమైన స్పేస్. దాని నంబర్ 160. మామూలు స్పేస్ నంబర్ 32. ట్రిమ్‌కి 32 ఒక్కటే తెలుసు. కాబట్టి సబ్‌స్టిట్యూట్ వాడి, చార్ 160ని తీసేసి ఆ జాగాలో మామూలు స్పేస్ పెట్టి, ఆ తర్వాత ట్రిమ్ చేయాలి. ‘=ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(ఏ2, చార్(160), " "))’. దీన్ని నోట్స్‌లో దాచుకోండి. నేను ఇప్పటికీ చూడకుండా రాయలేను, కాపీనే కొడతాను.

ఫోన్ నంబర్లయితే ఇంకాస్త తంటా. కాంటాక్ట్స్ నుంచి కాపీ చేసినప్పుడు నంబర్‌కి ముందూ వెనకా కనపడని గుర్తులు వస్తుంటాయి. ఒకరు +91 పెడతారు, ఒకరు ముందు సున్నా పెడతారు, ఒకరు మధ్యలో స్పేస్ ఇస్తారు. ముందు స్పేస్‌లూ ఆ గుర్తులూ తీసేసి, తర్వాత ‘రైట్’తో చివరి పది అంకెలు మాత్రమే ఉంచుకుంటే గొడవ చాలావరకు తీరుతుంది. వరస తప్పితే మాత్రం, ముందే చివరి పది తీస్తే స్పేస్ కూడా పదిలో లెక్కకొచ్చి ఒక అంకె ఎగిరిపోతుంది.

తెలుగులో పేర్లుండే షీట్లకి మన సొంత సమస్యలు కొన్ని ఉన్నాయి. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలు. లెన్ అడిగితే 7 అంటుంది. ఒత్తులూ గుడులూ పొల్లులూ అన్నీ వేరువేరుగా లెక్కేస్తుంది కాబట్టి. అదైనా ఫర్వాలేదు, రెండు షీట్లలోనూ ఏడే వస్తుంది. చిక్కల్లా ‘శ్రీనివాస్’ లాంటి పొల్లుతో ముగిసే పేర్లతో. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత వచ్చే అక్షరం కింద ఒత్తుగా మారిపోకుండా కనపడని గుర్తు ఒకటి పెడతాయి. ఒకరి ఫోన్‌లో కొట్టిన శ్రీనివాస్‌కి ఆ గుర్తు ఉంటుంది, ఇంకొకరి ఫోన్‌లో ఉండదు. లెన్‌లో ఒకటి తేడా వస్తుంది. దాని నంబర్ 8204. సబ్‌స్టిట్యూట్‌లో ‘యూనిచార్(8204)’ ఇచ్చి, దాని బదులు ఏమీ లేకుండా రెండు కోట్స్ పెడితే పోతుంది.

ఇక పాత డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టిన లిస్టులు చేతికొస్తే ఫార్ములాల జోలికే వెళ్లకండి. ఆ ఫాంట్‌లో తెలుగులా కనిపిస్తాయి కానీ లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే మిగతా పని.

మొత్తం తగ్గింది, ఎర్రర్ రాలేదు

‘సమ్’ ఫార్ములా చాలా మర్యాదస్తురాలు. దాని దారిలో అక్షరాలేవైనా కనిపిస్తే పక్కకి తప్పుకుని వెళ్లిపోతుంది. గొడవ చేయదు. ఆ మర్యాదే మన కొంప ముంచేది.

మనవాళ్లకి డబ్బులు రాసేటప్పుడు వెనక గీత పెట్టడం అలవాటు. ‘1500/-’. చెక్కు మీద, రసీదు మీద మంచి అలవాటే. షీట్‌లో అది సంఖ్య కాదు, అక్షరాల గుంపు. అరవై మంది కట్టిన డబ్బుల్లో ముగ్గురి దగ్గర అలా ఉంటే సమ్ 57 మందివే కూడుతుంది. 90,000 రావాల్సింది 85,500 వస్తుంది. డబ్బు లెక్కపెట్టే మనిషి 4,500 ఎక్కడికి పోయాయని ఎవరిని అడుగుతాడు? షీట్‌ని కాదు, వసూలు చేసినవాణ్ని అడుగుతాడు.

పట్టుకునే చిట్కా ఒకటుంది. ఎందుకో గానీ దీన్ని ట్యుటోరియల్స్‌లో ఎక్కువగా చెప్పరు. ‘కౌంట్’, ‘కౌంట్‌ఏ’ అని రెండు ఫార్ములాలున్నాయి. కౌంట్ నిజమైన సంఖ్యలని మాత్రమే లెక్కపెడుతుంది. కౌంట్‌ఏ ఖాళీ కాని సెల్స్ అన్నిటినీ లెక్కపెడుతుంది. ఒకే కాలమ్‌కి రెండూ పెట్టండి. కౌంట్‌ఏ 60, కౌంట్ 57 వస్తే, మూడు సెల్స్ సంఖ్యల వేషం వేసుకున్న అక్షరాలన్నమాట. డబ్బుల కాలమ్ కింద సమ్ పెట్టేముందు ఈ రెండూ పెట్టడం నాకిప్పుడు అలవాటైపోయింది.

ఇంకో గుర్తు. మీరు అలైన్‌మెంట్ ఏమీ మార్చకపోతే సంఖ్యలు సెల్‌లో కుడివైపుకి, అక్షరాలు ఎడమవైపుకి ఉంటాయి. అందుకే కొత్త షీట్ చేతికి రాగానే సెంటర్ అలైన్ చేసి అందంగా పెట్టేవాళ్లని చూస్తే నాకు భయం. ఆ ఒక్క ఆధారాన్ని కూడా చెరిపేస్తున్నారు.

బాగుచేయడం పెద్ద పనేం కాదు. ‘/-’ని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో తీసేయండి, ‘రూ.’ ఉంటే అదీ. కొన్నిసార్లు అంకెలు శుభ్రంగానే ఉంటాయి కానీ టెక్స్ట్‌గా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ల నుంచి డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లలో ఇది మామూలే, సెల్ మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తుంది. కాలమ్ సెలెక్ట్ చేసి ఎక్సెల్‌లో ‘టెక్స్ట్ టు కాలమ్స్’కి వెళ్లి ఏమీ మార్చకుండా ఫినిష్ కొడితే సంఖ్యలైపోతాయి. డబ్బుల కాలమ్‌కి మాత్రమే చేయండి. అకౌంట్ నంబర్ల కాలమ్‌కి చేశారంటే మళ్లీ మొదటికే వస్తుంది.

తారీఖులది ఇంకో కథ. కొత్త ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ అమెరికా పద్ధతిలో ఉంటే, మన 05/06/2024 జూన్ 5 కాదు, మే 6 అవుతుంది. 25/06/2024 అయితే 25వ నెల లేదు కాబట్టి దాన్ని అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో పన్నెండో తేదీలోపువి తిరగబడి ఉంటాయి, పదమూడు నుంచీ ఉన్నవి అసలు తారీఖులే కావు. ఎడమవైపుకి ఆనుకున్నవాటికి ఎర్రరొస్తుంది కాబట్టి వాటిని సరిచేస్తాం. కుడివైపు బుద్ధిగా నిలబడ్డవాటిని ఎవరూ అనుమానించరు. పుట్టిన తేదీల కాలమ్ అయితే వయసు లెక్క తప్పి, అర్హత ఉన్నవాళ్ల పేర్లు ఎగిరిపోతాయి. ఇలాంటి కాలమ్‌ని అతుకులేసి బాగుచేయాలని చూడొద్దు. అసలు ఫైల్ దగ్గరికెళ్లి, తేదీల వరస రోజు-నెల-సంవత్సరం అని చెప్పి మళ్లీ తెచ్చుకోవడమే మేలు.

పక్కింటి వాళ్ల లెక్క మనకి

వీలుకప్‌లో నాలుగో భాగం ఒకటుంటుంది. చాలామంది వదిలేస్తారు, వదిలేసినా పనిచేస్తుంది కాబట్టి. వదిలేస్తే అది ‘సరిగ్గా ఇదే కావాలి’ అని కాకుండా ‘దగ్గర్లో ఉన్నది ఇచ్చేయ్’ అని అర్థం చేసుకుంటుంది. పన్ను శ్లాబుల్లాంటి వాటికి అది బాగుంటుంది. పేర్లకీ నంబర్లకీ అయితే ఎవరి డబ్బో ఇంకెవరి పక్కనో వచ్చి చేరుతుంది, ఎర్రర్ లేకుండా. కాబట్టి చివర ‘ఫాల్స్’ అని గానీ సున్నా అని గానీ పెట్టాల్సిందే. కొత్త ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ‘ఎక్స్‌లుకప్’ ఉంది. అది మొదటే సరిగ్గా సరిపోయినదాన్ని వెతుకుతుంది. ఇప్పుడు నేర్చుకునేవాళ్లు నేరుగా దానికే వెళ్లిపోండి.

మిగతా ఎర్రర్లు ఇంత ఏడిపించవు. ‘నేమ్’ వస్తే ఫార్ములా పేరు స్పెల్లింగ్ చూడండి. ‘రెఫ్’ వస్తే ఫార్ములా వాడుతున్న కాలమ్‌నో, రోనో ఎవరో డిలీట్ చేశారు. ‘డివ్ జీరో’ వస్తే కింద సున్నానో ఖాళీనో ఉంది. ‘వాల్యూ’ వస్తే చాలావరకు సంఖ్య ఉండాల్సిన చోట అక్షరాలున్నాయి.

ఏ ఫార్ములా తీర్చలేని చిక్కు ఒకటి మిగిలిపోతుంది. మన పేర్లు. ఇంగ్లిష్‌లో లక్ష్మిని ‘కెఎస్‌హెచ్’తో రాసేవాళ్లున్నారు, ‘ఎక్స్’తో రాసేవాళ్లున్నారు. ఇంటిపేరు ఒకరు ముందు పెడతారు, ఒకరు వెనక పెడతారు. ఒకరు ఇనీషియల్ తర్వాత చుక్క పెడతారు, ఇంకొకరు పెట్టరు. ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉన్న మనిషి ఒక్కరే అని ట్రిమ్‌కి ఎలా తెలుస్తుంది? పేరుతో రెండు షీట్లని కలపాలని చూడటమే పొరపాటు. హాల్‌టికెట్ నంబరో, ఎంప్లాయీ ఐడీనో, ఏదో ఒకటి మనిషికి ఒక్కటే ఉండేది పట్టుకోవాలి. అది టెక్స్ట్ ఫార్మాట్‌లో. ‘ఈ’ అక్షరం ఉన్నా లేకపోయినా.

05ఈ7 సంగతి చెప్పలేదు కదూ. మర్నాడు హెచ్‌ఓడీ సార్ దగ్గరికెళ్లి తప్పు నాదేనని చెప్పి, ఆరుగురి పేర్లూ లిస్టులో ఎక్కించాను. క్లాసులో కూడా చెప్పాను, కానీ పేర్లు చదివినప్పుడు విన్నంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. వాడు టూర్‌కొచ్చాడు. బస్సులో నా పక్కన కూర్చోలేదు. ఒక వారం మాట్లాడలేదు. తర్వాత మామూలైపోయాం.

ఈమధ్య బ్యాచ్ రీయూనియన్‌కి డబ్బులు పోగేశాం. షీట్ ఎవరు చేస్తారని గ్రూపులో అడిగితే ‘నేను చేస్తా మామా, నువ్వు మాత్రం ముట్టుకోకు’ అని వాడే ముందుకొచ్చాడు. లింక్ పంపాడు. తెరిచి చూస్తే నంబర్ల కాలమ్ ప్లెయిన్ టెక్స్ట్‌లో ఉంది. డబ్బుల కాలమ్ కింద కౌంట్, కౌంట్‌ఏ రెండూ ఉన్నాయి. ఇంకా ఎవరూ పైసా పంపలేదు, ఒక్క రోలో మాత్రం ‘పెయిడ్’ అని ఉంది. 05ఈ7.